తల తీసేస్తే తగిలిస్తామన్న ఎంపిక సంఘానికి

తిరుపతిలో త్వరలో జరగనున్న ఛాయాచిత్ర ప్రదర్శన ఎంపిక సంఘం పెద్దలకు నమస్కారాలు.

నేను చిత్తూరులో ఉంటున్న ఫొటోగ్రాఫర్‌ని. నేను పంపిన తొమ్మిది ఫొటోల్లో ఐదింటిని స్వీకరిస్తున్నట్టు, మిగిలిన నాలుగింటిని ‘మెడ పైభాగం కత్తిరించి’ పంపితే వాటిని కూడా స్వీకరించడానికి అభ్యంతరం లేనట్టు మీరు ఉత్తరం రాశారు. దానికి నేను రెండుసార్లు జవాబు రాశాను, రెంటికీ సమాధానం రాలేదు. మీలో ఒకరు మాత్రం ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, ‘తల కనబడకపోతే ఎవురికీ ఇబ్బంది ఉండదు కదమ్మా, ఫొటో అందం కూడా ఎక్కడికీ పోదు’ అని నచ్చజెప్పబోయారు. ఆ పూట ఫోన్‌లో నాకు నోరు పెగల్లేదు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ ఉత్తరం. మీ సంఘం పేరు గానీ, మీ పేర్లు గానీ ఇందులో రాయడం లేదు. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టాలని నాకు లేదు. ఇదే షరతును రేపు ఇంకొక ఊళ్లో ఇంకొక సంఘం పెట్టవచ్చు గనుక, ఈ మాటలు అందరి ఎదుటా ఉండడం మంచిదనిపించింది.

మీరు అభ్యంతరం చెప్పినందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు. అది పడిన చోటు చూసి కలిగింది. ఆడవాళ్ల శరీరం మీద తీసిన ఫొటోలు కాబట్టి భుజాలు, వీపులు, ఛాతీలు కప్పమంటారని అనుకున్నాను, ఆ వాదనకు తగిన జవాబులు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. మీరు వాటి జోలికే రాలేదు. మీకు నచ్చిన ఐదు ఫొటోలను బల్ల మీద పక్కపక్కన పరుచుకుని చూసినప్పుడు గాని నాకు సంగతి తలకెక్కలేదు. వాటిలో మూడింట స్త్రీల ముఖాలు కనబడవు. మిగిలిన రెండింట అసలు మనిషే లేదు, ఒకదానిలో దండెం మీద ఆరేసిన జాకెట్లు, ఇంకొకదానిలో నేల మీద ముగ్గులా పరిచిన వెంట్రుకలు. వెనక్కి వచ్చిన నాలుగింటిలోనూ ఆమె సూటిగా కెమెరా వైపు చూస్తోంది.

మొదటిదాని సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మా నాన్నకు చిత్తూరులో చిన్న స్టూడియో ఉండేది. పెద్దమనిషి అయిన ఆడపిల్లకు పట్టులంగా కట్టి, అరటినారతో మల్లెమొగ్గలూ కనకాంబరాలూ కలిపి పూలజడ కుట్టించి, రిక్షా ఎక్కించి ఇంటిల్లిపాదీ ఆ స్టూడియోకు తీసుకొచ్చేవారు. ముఖమూ కనబడాలి, జడా కనబడాలి. జడ కుట్టడానికి పట్టిన గంటలూ పూలకు పెట్టిన డబ్బూ ఫొటోలో పడకపోతే ఆ పిల్ల అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. అందుకని నాన్న నిలువుటద్దం ముందు స్టూలు వేసి, పిల్లను కెమెరా వైపు తిప్పి కూర్చోబెట్టి, అద్దాన్ని అటూ ఇటూ జరిపి, వెనుకనున్న జడ మొత్తం అందులో పడేదాకా అవస్థ పడేవాడు. ఒకే కాగితం మీద ఒకే మనిషి ముందూ వెనుకా ఒక్కసారే కనిపించే ఆ బొమ్మ ఎంత వింతదో మనలో ఎవరికీ అప్పట్లో తోచలేదు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ల బీరువాల్లో అలాంటి ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంటుంది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఆ పిల్లను ఆ రోజు నవ్వమనేవారు కాదు, తల వంచమనేవారు. ఊరంతటికీ ఆమె శరీరం గురించి చాటింపు వేసిన రోజున ఆమె చూపు మాత్రం నేల మీద ఉండాలి.

అలా 1985లో నాన్న ఫొటో తీసిన ఒకామె, ఇప్పుడు యాభై దాటిన మనిషి, మొక్కు తీర్చుకుని తిరుమల నుంచి దిగివస్తూ నా దగ్గరికి వచ్చింది. కల్యాణకట్టలో అప్పుడే తలనీలాలు ఇచ్చి, గుండు మీద గంధం పూసుకుని ఉంది. పాత పెట్టెల్లో వెతికి ఆమె నెగటివ్ తీసి చూపించాను. దాన్ని వెలుగుకు ఎత్తిపట్టి చాలాసేపు చూసి, తనను మళ్లీ ఆ అద్దం ముందు కూర్చోబెట్టమని ఆమే అడిగింది. ఈ ఫొటోలో ఆమె గుండుతో, భుజాల మీద ఏ ఆచ్ఛాదనా లేకుండా, తల ఎత్తి మనల్ని చూస్తుంది. వెనుక అద్దంలో ఆమె వీపు కనబడవలసిన చోట పదమూడేళ్ల వయసునాటి పూలజడ వేలాడుతూ ఉంటుంది. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం) కింద ఒకే కాగితానికి రెండు నెగటివ్‌లను, ఒకదాని తరువాత ఒకటి, మిగతా భాగం అట్టముక్కతో కప్పుతూ ఎక్కించాను. పదిహేడు కాగితాలు పాడయ్యాక ఒకటి కుదిరింది. దీనిలో తల తీసేయమన్నారు మీరు. తీస్తే మిగిలేది ఒక జత భుజాలూ, ఒక పూలజడా.

ఇటువంటి బొమ్మలు తీయడం ఎక్కడ నేర్చుకున్నావని మీ సభ్యుడు ఫోన్‌లో అడిగారు. సగం నాన్న అద్దం దగ్గర, మిగతా సగం అధివాస్తవికత (సర్రియలిజం) దగ్గర. మనకు శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల ద్వారా కవిత్వంలో పరిచయమైన ఆ ఉద్యమం 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెతోఁ ప్రకటనతో మొదలైంది. కలలో వస్తువులు ఎలా కలగాపులగంగా, అయినా ఎంతో స్పష్టంగా కనిపిస్తాయో అలాగే మెలకువలోనూ చూపించాలని వాళ్లు తలపెట్టారు. ఆ పనికి ఫొటో బాగా అక్కరకొచ్చింది, ఎందుకంటే చిత్రకారుడు గీసిన వింతను ఊహ అని కొట్టిపారేయవచ్చు గాని, ఫొటోలో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు కెమెరా ఎదుట ఉండే ఉండాలని మనం నమ్ముతాం. అదే 1924లో మాన్ రే అనే ఆయన కికీగా పేరుపడ్డ ఆలిస్ ప్రాఁ అనే యువతిని వీపు తిప్పి కూర్చోబెట్టి ఫొటో తీసి, ఆ వీపు మీద వయొలిన్‌కు ఉండే రెండు రంధ్రాలను గీశాడు. ఆమె చేతులు కనబడవు, తల పక్కకు తిరిగి ఉంటుంది, నడుము వాద్యమైపోతుంది. 2022లో న్యూయార్క్ వేలంలో ఆ ఫొటో కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా పలికింది. కాలేజీ రోజుల్లో గ్రంథాలయంలో దాన్ని మొదటిసారి చూసినప్పుడు మతిపోయింది. ఇప్పటికీ దాని అందాన్ని కాదనలేను. కికీ పాటలు పాడేదని, బొమ్మలు వేసేదని, తన జ్ఞాపకాలు తానే రాసుకుందని మాత్రం చాలా ఏళ్ల తరువాత గాని నాకు తెలియలేదు. ఆ ఫొటో ఆ సంగతులేవీ చెప్పదు, వాయించవలసిన వస్తువుగా మాత్రమే ఆమెను మనకు అందిస్తుంది.

ఆ ఉద్యమంలోని మగవాళ్ల చేతుల్లో స్త్రీ శరీరం తరచు ముక్కలుగానే ఉంది. హాన్స్ బెల్మర్ 1930లలో ఒక ఆడబొమ్మను తయారుచేసి, దాని కాళ్లూ చేతులూ విడదీసి, ఇష్టం వచ్చినట్టు తిరిగి అతికించి వరుసగా ఫొటోలు తీశాడు. 1929లో వాళ్ల పత్రిక చివరి సంచికలో అచ్చయిన ఒక పుట ఇంకా విచిత్రమైనది. మధ్యలో రెనె మాగ్రిత్ వేసిన నగ్న స్త్రీ చిత్రం, దాని చుట్టూ పదహారుమంది అధివాస్తవికుల ఫొటోలు, అందరూ మగవాళ్లే, అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. అడవిలో దాగిన ఆమె నాకు కనబడటం లేదన్న అర్థం వచ్చే వాక్యంలో ‘ఆమె’ అన్న మాట ఉండవలసిన చోట ఆ బొమ్మను పెట్టారు. కలలు కంటున్నామని చెప్పుకోవడానికి వాళ్లు కళ్లు మూసుకున్నారనుకుందాం. పదహారుమంది కళ్లు మూసుకుని ఒక స్త్రీ చుట్టూ నిలబడడం మాత్రం మన ఎంపిక సంఘాలకు కొత్త దృశ్యం కాదు. ఈ మాట ఎత్తిపొడుపుగా తోస్తే మన్నించండి.

ఆ ఉద్యమంలో చేరిన స్త్రీలు ఆ పద్ధతినే అటునుంచి ఇటు తిప్పారు. నేను శిష్యరికం చేసింది వాళ్ల దగ్గర. క్లోద్ కాహూఁ అనే ఆమె ఫ్రాన్స్‌లోని నాంత్‌లో పుట్టింది. 1920ల నాటికే గుండు చేయించుకుని తన ఫొటోలు తీయించుకుంది. 1928 నాటి ఒక ఫొటోలో ఒకే శరీరం నుంచి మొలిచినట్టున్న రెండు గుండు తలలు, రెండూ ఆమెవే, ఒకదానితో ఒకటి ఏదో తగువు పెట్టుకున్నట్టు ఉంటాయి. నా నుంచి నీకేం కావాలి అన్నది దాని పేరు. తిరుమల కొండ కింద బతికే మనకు గుండు చేయించుకున్న స్త్రీ వింత కాదు, అందుకే యూరప్ వాళ్లకన్నా మనకే ఆ ఫొటో తొందరగా అర్థమవుతుందని నా నమ్మకం. జర్మనీ వదిలి అర్జెంటీనా చేరిన గ్రేటె స్టెర్న్ 1948 నుంచి 1951 దాకా బ్యూనస్ ఐరిస్‌లోని ఒక ఆడవాళ్ల పత్రికకు, పాఠకురాళ్లు రాసి పంపిన కలలను బట్టి ఫొటోలు అతికి బొమ్మలు చేసింది. వాటిలో ఒకదానిలో ఒక స్త్రీ బల్లదీపానికి కాడగా కూర్చుని ఉంటుంది, తల మీద దీపపు గొడుగు ఉంటుంది, పక్కనుంచి మగవాడి చెయ్యి స్విచ్ వైపు వస్తూ ఉంటుంది. మామూలు ఇల్లాళ్ల ఉత్తరాల నుంచి అంత మాట లాగడం చూశాకే, నా ఫొటోలను నేను ఒక్కదాన్నే ఊహించడం మానేసి, ఫొటోలో ఉండబోయే ఆమెను ముందు కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను.

రెండో ఫొటో అలా పుట్టిందే. పుత్తూరు దగ్గర పల్లెలో నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న ఒక పెద్దావిడకు క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. ఊళ్లో ఉన్న ప్రతి ఆడమనిషి కొలతా తనకు తెలుసని, తన కొలతే తనకు కొత్తగా నేర్చుకోవలసి వచ్చిందని ఆమె అన్న మాటలోంచి ఆ ఫొటో వచ్చింది. ఆమె పైబట్ట లేకుండా కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంటుంది. సూది కింద సగం కుట్టిన జాకెట్టు, ఆ సూదిలోంచి సాగిన దారం రెండో కొస ఆమె ఛాతీ మీది గాటులోకి పోయినట్టు ఉంటుంది (గాటును తాకకుండా కొంచెం దిగువన జిగురుతో అంటించాం, ఆమెకు నొప్పి కలగలేదు). ఆ ఫొటో తీసేముందు లీ మిల్లర్ గురించి ఆమెకు చెప్పాను. ఫ్యాషన్ పత్రికలకు మోడల్‌గా ఉండి, 1929లో పారిస్ వెళ్లి మాన్ రే దగ్గర పనిచేసిన లీ మిల్లర్, ఆస్పత్రిలో శస్త్రచికిత్సలో తీసేసిన ఒక రొమ్మును పళ్లెంలో పెట్టి, పక్కన కత్తీ ఫోర్కూ అమర్చి ఫొటో తీసింది. ఆడదాన్ని వడ్డించిన విస్తరిలా చూసే కళ్లకు అంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు. నెగటివ్ కడుగుతుండగా ఒక్క క్షణం వెలుతురు తగిలితే బొమ్మ అంచుల వెంట నల్లని గీత తేలే సోలరైజేషన్ అనే పద్ధతి కూడా, చీకటిగదిలో ఏదో కాలి మీదుగా పరుగెత్తితే భయపడి తాను దీపం వేయడం వల్లే తమకు దొరికిందని ఆమె తరువాత చెప్పుకుంది. పేరు మాత్రం చాలాకాలం మాన్ రేకే దక్కింది. మా నాన్న చీకటిగది తలుపు నేను చిన్నప్పుడు ఒకసారి అలాగే తెరిచాను, నాకు దక్కింది చెంపదెబ్బ.

మీ షరతు గురించి ఆ పెద్దావిడకు చెప్పవలసి వచ్చింది. ‘తలకాయ లేకుండా గోడకు తగిలిస్తారంటనా పాపా, నేనేమన్నా కొలత జాకెట్టునా?’ అని అడిగింది. ఈ ఉత్తరంలో నేను రాస్తున్నదంతా ఆ ఒక్క ప్రశ్నకు వివరణే.

మూడో ఫొటోలో స్వర్ణముఖి నది ఎండిన ఇసుకలో నులకమంచం మీద ఒకామె పడుకుని ఉంటుంది. ఆమెకు యాభై ఏళ్లు, భర్త పోయి పన్నెండేళ్లయింది. తెరిచిన నోట్లోంచి మల్లెల మాల ఒకటి బయటికి వచ్చి, మెడ మీదుగా, భుజం మీదుగా సాగి, మంచం కిందికి జారి ఇసుకలో చెలమలా చుట్టుకుంటుంది. పూలు పెట్టుకోవడానికి ఇప్పుడు తనను ఎవరూ అడ్డుకోరని, అవి దేనికి గుర్తో ఆ సంగతి మాట్లాడడానికి మాత్రం తనకు ఒక్క మనిషి కూడా లేదని ఆమె చెప్పింది. భర్త లేని స్త్రీ శరీరానికి ఆకలి ఉంటుంది, నిద్ర ఉంటుంది, మోకాళ్ల నొప్పి ఉంటుంది, కోరిక ఒక్కటి ఉండదని మనం అందరం కలిసి ఒప్పందం చేసుకున్నాం. మీ ఉత్తరంలో ఈ ఫొటో ఎదురుగా ‘చూపు బాగా లేదు’ అని రాసి ఉంది. భుజం గురించి మీరు ఏమీ రాయలేదు, మల్లెల గురించి కూడా రాయలేదు. ఆ చూపు మీకు నిజంగానే తగిలింది గనుక, నాలుగు వ్యాఖ్యల్లో నేను గౌరవించేది ఇదొక్కటే.

స్త్రీ కోరికను వర్ణించడం మన భాషకు కొత్త అయితే మీ సంకోచం నాకు అర్థమయ్యేది. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద మనకు మిగిలినవి సుమారు పద్నాలుగు వేలు, వాటిలో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. నాయిక విరహమూ, ఆమె పెదవీ, ఆమె నిట్టూర్పూ తిరుపతిలో లౌడ్‌స్పీకర్లలో పొద్దున్నే వినబడతాయి, మనం భక్తితో వింటాం, వినాలి కూడా. అదే కోరికను ఒక స్త్రీ తన సొంత గొంతుతో చెప్పినప్పుడు ఏమైందో చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అనే కావ్యాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చువేయిస్తే, 1911లో ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పూనికతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. అంతకన్నా పచ్చి శృంగారం రాసిన మగ కవుల కావ్యాలు పాఠ్యగ్రంథాలై ఉండగా, ఆడదై పుట్టి ఇలా రాయవచ్చునా అన్నదే పండితుల బాధ. 1980లలో స్త్రీవాద కవయిత్రులు తమ దేహం గురించి తామే రాసినప్పుడు కూడా వాళ్లకు ‘నీలి’ ముద్ర వేశారు. ముద్ర వేసినవాళ్ల పేర్లు ఇప్పుడు ఎందరికి గుర్తున్నాయో గాని, జయప్రభ పైట కవిత మాత్రం నిలిచి ఉంది.

చూపు విషయానికే వస్తాను. తిరుపతికి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం ఉంది. అక్కడి మూలవిరాట్టు పురుషాంగ రూపంలో స్పష్టంగా మలచిన లింగం, దాని ముందు భాగాన నిలబడిన మూర్తి శరీరం కూడా అంతే స్పష్టంగా ఉంటుంది. క్రీస్తుకు పూర్వపు శిల్పమని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడికి పిల్లా జెల్లాతో వెళ్లి నమస్కరించి వస్తాం, ఏ భాగమూ కత్తిరించమని ఎవరూ అడగరు. నాకు ఆ గుడికి వెళ్లినప్పుడల్లా గుర్తొచ్చేది మాత్రం ఆ పేరులో ఉన్న పరశురాముడు. తండ్రి మాట మీద తల్లి తల నరికినవాడు ఆయన. రేణుక చేసిన నేరం ఏమిటి? ఏటికి నీళ్లకు వెళ్లి, జలక్రీడలో ఉన్న గంధర్వుణ్ణి చూసింది, చూసి ఒక క్షణం మనసు చలించింది. చూసినందుకు తల పోయింది. తరువాత బతికించారు, నిజమే, మన పల్లెల్లో ఎల్లమ్మగా కొలుస్తున్నాం, అదీ నిజమే. అయినా శిక్ష పడింది చూపుకే. స్వర్ణముఖి ఇసుకలో పడుకున్న ఆమె చూపు బాగా లేదని రాసినవారు ఈ కథను తలుచుకునే రాశారని నేను అనుకోను. తలుచుకోనక్కరలేకుండానే చేతికి కత్తెర వచ్చేంత పాతది ఆ అలవాటు.

అలాగని మన తిరుపతి సంప్రదాయం మీ పక్షానే ఉందనుకోకండి. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసుకుని, గుండెల మీద ఎత్తులు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. మీసం మీద ముక్కుపుడక పెట్టుకున్న మనిషి టీకొట్టు దగ్గర నిలబడి టీ తాగడం అధివాస్తవికత కాకపోతే మరేమిటి? ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకొక వేషం మార్చి, చివరికి దొర వేషంలో వాణ్ణి పట్టి తల నరుకుతుంది. జాతర ముగిసే రోజు గుడి ముందు మట్టితో విశ్వరూపం కడతారు, అందులో ప్రధానంగా ఉండేది అమ్మ ముఖమే, అంత పెద్ద కళ్లతో. ఆ మట్టిని చివరకు భక్తులు తలా కొంచెం పట్టుకెళ్లి దాచుకుంటారు. అంటే ఈ ఊరి తల్లి మనల్ని చూడడానికే వస్తుంది. ఆ జాతర ఫొటోలు మీ ప్రదర్శనలో ప్రతిసారీ ఉంటాయి, ఈసారీ ఉంటాయని విన్నాను, సంతోషం.

తల లేని దేవత కూడా మనకు ఉంది కదా అని మీలో చదువుకున్నవారు అనవచ్చు. ఉంది. అలంపురం మ్యూజియంలో ఉన్న లజ్జాగౌరికి తల ఉండవలసిన చోట తామర విచ్చుకుని ఉంటుంది. ఆ విగ్రహం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, అలాంటి ఊహకు పారిస్ దాకా పోనక్కరలేదని కూడా అనుకున్నాను. అక్కడ శిల్పి తల తీసి ఊరుకోలేదు, అక్కడ ఇంకొకటి పూయించాడు. మీ కత్తెర పడిన చోట ఏదీ పూయదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఒప్పుకోవాలి. మీరు స్వీకరించిన మూడు ఫొటోల్లో ముఖాలు దాచింది నేనే. ఒకామె పైట చెంగు వెనుక ఉంది, ఒకామె జుట్టు వెనుక, ఒకామె కదులుతుండగా షట్టర్ నిదానంగా మూసుకోవడం వల్ల ముఖం పొగలా చెదిరిపోయింది. ఆ చివరి పద్ధతిని ఇరవై రెండేళ్లకే 1981లో చనిపోయిన అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ దగ్గర నేర్చుకున్నాను. ఆమె పాడుబడిన గదుల్లో తన నగ్న శరీరాన్నే ఫొటోలు తీసుకుంటూ, చాలాసార్లు తన ముఖాన్ని తానే చెదరగొట్టుకుంది. నా ఫొటోల్లోని ఆ ముగ్గురూ ముఖం వద్దన్నారు, నేను సరేనన్నాను. నలుగురు కావాలన్నారు, దానికీ సరేనన్నాను. ఇంకా వెనక్కి వెళితే, పాతికేళ్ల వయసులో నేను తీసిన మొదటి వరుస ఫొటోల్లో ఏ ఒక్కదానికీ తల లేదు, ఎవరినీ అడగకుండానే తీసేశాను, అది కళ అనుకున్నాను. గ్రంథాలయంలో చూసిన పుస్తకాల్లో అలాగే ఉండేవి మరి. అందుకే మీ ఉత్తరం చదివినప్పుడు కోపం కన్నా ముందు సిగ్గు కలిగింది, ఎందుకంటే ఆ కత్తెర ఒకప్పుడు నా చేతిలోనే ఉండేది.

చట్టం గురించి మీరు వెలిబుచ్చిన భయానికి కూడా జవాబు చెప్పాలి. అశ్లీల వస్తువుల ప్రదర్శనను శిక్షించే పాత శిక్షాస్మృతి 292వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్ అయింది, సాహిత్యానికీ కళకూ శాస్త్రానికీ ఉపకరించి లోకహితమైనదాన్ని అది ఇప్పటికీ మినహాయిస్తోంది. 1868 నాటి ఇంగ్లండు తీర్పులో అశ్లీలాన్ని తేల్చడానికి పెట్టిన హిక్లిన్ కొలమానాన్ని మన సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో పక్కనపెట్టి, బొమ్మను ముక్కగా కాక సందర్భంతోనూ అది చెప్పదలచిన మాటతోనూ కలిపి, నేటి సమాజపు దృష్టితో చూడాలని చెప్పింది. నగ్నత్వమూ అశ్లీలమూ ఒకటి కాదని 2023లో కేరళ హైకోర్టు, తన పైభాగం మీద పిల్లల చేత బొమ్మ వేయించుకున్న ఒక తల్లి కేసును కొట్టివేస్తూ అన్నది. వీటిని బట్టి ఆలోచిస్తే మీ షరతు మిమ్మల్ని కాపాడకపోగా చిక్కులో పెడుతుంది. కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆమెకు తల ఉన్నంతసేపూ అది ఒక దర్జీ జీవితం. తల తీసేస్తే సందర్భమంతా దాంతోనే పోయి, గోడ మీద మిగిలేది ఒక రొమ్ము. ఏ మేజిస్ట్రేటు ముందైనా మీరు ఏ ఫొటోను సమర్థించుకోగలరో ఆలోచించండి.

మీ భయాల్లో ఒకటి మాత్రం నాకూ ఉంది. ప్రదర్శనకు వచ్చే ప్రతివారి చేతిలోనూ ఫోన్ ఉంటుంది. గోడ మీది ముఖం సాయంత్రానికి ఏ గుంపులో ఎలాంటి వ్యాఖ్యతో తిరుగుతుందో, ఏ ముఖాన్ని ఏ శరీరానికి అతికిస్తారో ఎవరూ చెప్పలేరు. ఆ ప్రమాదం ఆ స్త్రీలదే గాని నాది కాదు గనుక, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. అందుకే మీ ఉత్తరం వచ్చాక ఆ నలుగురి దగ్గరికీ ప్రింటు పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఊళ్లో ఎవరెవరు చూడవచ్చో, చూసి ఏమనవచ్చో కూర్చుని మాట్లాడుకున్నాం. నాలుగో ఆమె వద్దంది. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, కారణం అదొక్కటే. ఆమె ఫొటోను వెనక్కి తీసుకుంటున్నాను, నెగటివ్ ఆమె చేతికే ఇచ్చేశాను, ఆ ఫొటోలో ఏముందో కూడా ఇక్కడ రాయను. మిగిలిన ముగ్గురూ అన్నీ విని, ఉంచమన్నారు. ప్రదర్శన జరుగుతుండగా ఎప్పుడైనా మనసు మార్చుకుంటే ఆ క్షణమే తీసేస్తానని వాళ్లకు రాసిచ్చాను.

కాబట్టి నేను మిమ్మల్ని అడుగుతున్నది ఇంతే. ఆ మూడు ఫొటోలకు ప్రధాన హాలులో చోటు వద్దు, పక్కనున్న చిన్న గది చాలు. లోపల ఎలాంటి ఫొటోలున్నాయో చెప్పే బోర్డు ఒకటి గుమ్మం దగ్గర పెడదాం, చూడకూడదనుకున్నవారు చూడకుండా పోవచ్చు. ఫోన్లు బయటే పెట్టి రావాలి, అందుకు బల్లా, టోకెన్లూ నేనే ఏర్పాటు చేస్తాను. కాపలాకు మీ కార్యకర్తల్లో ఇద్దరు ఆడవాళ్లను ఇస్తే చాలు. ఈ ఏర్పాట్లు కూడా కుదరవంటే, కత్తిరించిన ఫొటోలు మాత్రం పంపను. మీరు స్వీకరించిన ఐదింటినీ అలాగే ఉంచండి, వాటిని బెదిరింపుగా వెనక్కి తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ దండెం మీది జాకెట్లను ఎవరు కుట్టారో మాత్రం చీటీలో రాయండి. ఆమె పేరు వేసుకోవడానికి ఆమె ఒప్పుకుంది.

చిన్న గది ఇస్తే, కొక్కేలు ఎంత ఎత్తులో కొట్టాలో మీ వడ్రంగికి నేను వచ్చి చూపిస్తాను. నాన్న స్టూడియోలో ఫ్రేములన్నీ తల పైకెత్తి చూసేంత ఎత్తులో ఉండేవి. వీటిని అంత ఎత్తున పెట్టవద్దు. ఫొటోలోని కళ్లు నేల నుంచి సరిగ్గా ఐదడుగుల దగ్గర ఉండాలి, ప్రింటు కొలతలు వేరువేరు గనుక ఒక్కొక్క కొక్కేన్నీ విడిగా కొలవాలి. నాలుగో ఫొటో ఉండవలసిన చోట కొక్కెం కొట్టి ఖాళీగా వదిలేయండి. పుత్తూరు నుంచి పెద్దావిడ మొదటి రోజు పొద్దున్నే మనవరాలితో వస్తానంది. ఎక్కువసేపు నిలబడలేదు, ఆమె ఫొటోకు ఎదురుగా ఒక కుర్చీ వేయించండి.

ఇట్లు,
పూలజడ ఫొటోల స్టూడియో వారి అమ్మాయి,
చిత్తూరు